జంట జాడ

కృత్తిక కార్తె, రెండో రోజు

పని దినచర్యలో పని గురించే రాయాలని ఇందుమతి మేడం హుకుం. జాడల ఆఫీసుకి ఆవిడే పెద్ద కాబట్టి ముందు పని.

పడమటి బండ మీద మిగిలిన ఫొటోలు ఇవాళ పూర్తి చేశాం. డ్రోను పైనుంచి తీసింది, నేను నేలకి వంగి పక్కల నుంచి తీశాను. రాజలింగు కాక పెద్ద గొడుగు పట్టుకుని బండ మీద ఎండ పడకుండా, నీడలు గీతలు గీయకుండా చూశాడు. ఆ ఫొటోలన్నీ కలిపి ప్రోగ్రాం లోతుపటం తయారు చేస్తుంది. ఎత్తు ఉన్నచోట ఎరుపు, పల్లం ఉన్నచోట నీలం. ఉత్త కంటికి వట్టి గుంటలా ఉన్నది పటంలో మూడువేళ్ల పాదమై తేలుతుంది. కోట్ల ఏళ్ల కింద ఒక రాకాసిబల్లి బురదలో వేసిన అడుగు. ఎన్నేళ్లుగా చేస్తున్నా ఆ నీలం తేలేటప్పుడు నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక పని కానిది. సాయంత్రం తిరిగొస్తే ఆఫీసు గడప నన్ను ఎరగనంది.

ఎప్పటిలాగే చెప్పులు విప్పి గడప పలక మీద నాలుగడుగులు వేశాను. మామూలుగా అయితే "దుర్గం సువార్త. ఒక్కరు" అని తలుపు తీస్తుంది. ఇవాళ కాసేపు ఆలోచించి, "ఇద్దరు. తెలియనివారు" అంది. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. మళ్లీ నడిచాను. మళ్లీ ఇద్దరమే.

పోయిన వానాకాలం బండచెక్క జారి నా ఎడమకాలి మీద పడింది. రెండు వేళ్లు పోయాయి. గాయం మానింది గానీ నడక మారింది. కుడికాలు గట్టిగా మోపుతాను, ఎడమకాలు తాకీ తాకకుండా లాగేస్తాను. నిన్నటిదాకా గడపలు ఎలాగో సర్దుకున్నాయి. ఇవాళ్టికి వాటికి ఓపిక అయిపోయినట్టుంది.

రాజలింగు కాక ముందు లోపలికి వెళ్లి చేతి తలుపు తీశాడు. మామూలుగా ఏదో ఒకటి అని నన్ను ఏడిపించే మనిషి, ఇవాళ నోరు విప్పలేదు. ఎందుకో నాకు తెలుసు.

కృత్తిక, ఐదో రోజు

వంటశాల గడప కూడా ఇద్దరం అంది. ఇద్దరం అన్నందుకు రెండు కంచాలు పెట్టవచ్చు కదా, తెలియనివాళ్లం కాబట్టి ఒక్కటీ పెట్టలేదు. కాక తన కంచంలోంచి సగం జొన్నరొట్టె తెచ్చి బయట నా చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం గడపల ఆఫీసుకి వెళ్లాను. అక్కడి ఇంజినీరు ఓదేలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"నువ్వు నువ్వే అని నాకెరుకనే చెల్లె. గడపకు ఎరుక గావాలె గదా," అన్నాడు.

"అయితే దానికి చెప్పన్నా."

"నేన్ జెప్తె ఇంటదా? నడకనే ఇంటది అది."

మా ఊరు నీడపట్నం మీద ఎండను ఆపే తెల్లకప్పు కింద చల్లదనం ఇంతమందికే అని లెక్క. అందుకే ప్రతి తలుపుకీ గడప పలక. మృగశిర మొదటి రోజున గడపల లెక్క జరుగుతుంది. అప్పటికి ఏ గడపా ఎరగనివాళ్లు ఏరు దాటి ఎండవాడకి పోవాల్సిందే. అక్కడ కప్పు లేదు, పని లేదు, నా బండలు అసలే లేవు.

రాజలింగు కాక భార్య లసుమక్క అక్కడే ఉంటోంది. నాలుగేళ్ల కింద పక్షవాతం వచ్చి లేచాక ఆమెనూ గడపలు ఇద్దరన్నాయి. కాక కూడా వెంట పోతానంటే ఆమే పడనివ్వలేదట. ఇక్కడ కాకకి వచ్చే గింజలతోనే అక్కడ ఆమె పొయ్యి వెలుగుతుంది. వారానికి ఒకసారి మూట పట్టుకుని వెళ్లి వస్తాడు. వచ్చిన రోజు ఎవరితోనూ మాట్లాడడు.

"కడియం ఏస్కో చెల్లె," అన్నాడు ఓదేలు. "పాత నడకకు తెస్తది."

కృత్తిక, తొమ్మిదో రోజు

కడియం అంటే కాలికి పెట్టుకునేది కాదు, కాలిని పట్టుకునేది. మోకాలి నుంచి మడమదాకా ఇనుప పట్టీలు, లోపల చిన్న మోటారు. నేను ఎడమకాలు లాగబోతే అది బలవంతంగా మోపిస్తుంది. గడప వెంటనే నా పేరు పలికింది. పదిమందీ చప్పట్లు కొట్టారు.

మూడు రోజులు వేసుకున్నాను. బండ మీద వంగలేను, మోకాళ్ల మీద కూర్చోలేను. ఇవాళ విప్పితే మానిన చోట పచ్చి పుండు. నా నడక కాని నడకకి నా పేరు పెట్టి పిలుస్తుంటే నాకు అరికాలి నుంచి మండుకొచ్చింది. కడియం తీసుకెళ్లి ఓదేలు బల్ల మీద పెట్టాను.

"మరెట్లనే? ఎండవాడకు వోతవా?"

"పోను. ఇదీ ఏసుకోను."

"మరేం జేస్తవ్?"

అది నాకూ తెలియదు. కానీ ఈ రెండూ చెయ్యనని మాత్రం రాసి పెడుతున్నాను.

కృత్తిక, పదకొండో రోజు

ఓదేలు మంచివాడు. నాకోసం ప్రోగ్రాంలో హద్దు సడలించాడట. ఎడమ అడుగుకీ కుడి అడుగుకీ తేడా ఎక్కువైతే ఇద్దరు మనుషులని ప్రోగ్రాం అనుకుంటుంది. ఆ హద్దు కొంచెం పెంచితే నేను ఒక్కదాన్నవుతాను. పెంచాడు, ఒక్కదాన్నయ్యాను కూడా. కానీ ప్రోగ్రామే ఆ మార్పును ఒప్పుకోక వెనక్కి కొట్టేసింది.

"ఎందుకు?"

"పరీక్ష దాటలే. ఏ మార్పు జేసినా ముందుగాల పరీక్ష దాటాలె. గది మీ ఆఫీసోళ్లు పెట్టిందే."

ఎలా ఉన్నానో చూడమని తెర నా వైపు తిప్పాడు. గడప మీద నా అడుగులు. కుడికాలి గుర్తులు ముదురు నీలం, ఎడమవి లేత నీలం. ప్రోగ్రాం ముదురువాటిని ఒక మనిషి కింద, లేతవాటిని ఇంకో మనిషి కింద వేసింది. ఒక్కొక్కరికి రెండో కాలు ఉండాలి కాబట్టి, లేని అడుగుల్ని తనే చుక్కల గీతతో పూరించింది. పోయిన నా వేళ్లు కూడా తిరిగి పెట్టింది పాపం.

ఈ బొమ్మ నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ముదురు అడుగులు ఒక వరస, లేత అడుగులు ఒక వరస. ఎక్కడ చూశానా అని తల ఎత్తితే, ఓదేలు వెనక గోడ మీదే ఉంది. నీడపట్నం ముద్ర. జంట జాడ.

"అన్నా, ఆ పరీక్ష ఏంది?"

"జంట జాడనే. ఈ ప్రోగ్రాం మొదాలు బండల కోసమే రాసిండ్రు గద, తర్వాత గడపలకు వట్టుకొచ్చిండ్రు. ఏ మార్పు జేసినా జంట జాడను సూపెట్టాలె, అది ఇద్దరు అనాలె. నీకోసం హద్దు పెంచితె, దాన్ని గూడ ఒక్కటే అంటుంది. తప్పు గద!"

కుర్చీ కోసం చేత్తో తడుముకుని కూర్చున్నాను. తప్పు కాకపోతే?

కృత్తిక, పన్నెండో రోజు

జంట జాడ గురించి రాయాలి. ఈ పట్నం పుట్టింది దాని పక్కనే. వాలు మీద పెద్ద ఇసుకరాయి పలక. దాని మీద ఒక పెద్ద రాకాసిబల్లి, దాని వెనకే ఒక చిన్నది నడిచిన జాడ. పెద్దది మగది, చిన్నది ఆడదని ఎవరో అన్నారు, అందరూ నమ్మారు. పెళ్లయిన ప్రతి జంటా ఆ పలక పక్క దారిలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తారు. దారి చివర అరుగు మీద పచ్చి సున్నంలో ఇద్దరూ పాదాలు వేస్తారు. ఆ సున్నం మెత్తేది రాజలింగు కాకే. అతని తండ్రి కూడా అదే పని చేశాడు.

అసలు బండ మీద ఎండ దెబ్బ తగలకుండా ఎప్పుడో ఇసుక కప్పేశారు. మేమందరం చూసేది గోడల మీది బొమ్మనే. బొమ్మంటే ప్రోగ్రాం పూరించిన బొమ్మ.

ఇవాళ పూరణకి ముందటి పాత ఫొటోలు తీసి, లోతుపటం కొత్తగా నేనే కట్టాను. చుక్కల అడుగులు లేవు, అతికించిన వేళ్లు లేవు. మిగిలింది చూస్తే పెద్దదానివన్నీ కుడి పాదాలే. ఒక్క ఎడమ లేదు. చిన్నదానివన్నీ ఎడమ పాదాలే, ఒక్కో దానికి రెండే వేళ్లు, వెనకాల ఈడ్చిన గీత. అంటే మగది కుడికాలి మీద కుంటుకుంటూ, ఆడది ఎడమకాలి మీద కుంటుకుంటూ, ఆ వాలంతా తొక్కుడుబిళ్ల ఆడుతూ పోయాయన్నమాట.

ఒక్కటే. ఒక్క రాకాసిబల్లి, ఎడమకాలికి ఒక వేలు పోయింది. నాకు రెండు పోయాయి, ఈ లెక్కలో నేనే ముందు. నవ్వాను, ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాను.

కాకకి చూపించాను. తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"నీ కాలు బాగలేదని అందరి కాళ్లు ఇరగ్గొడ్తవా బిడ్డా?" అన్నాడు. "నేనూ మా లసుమి నడిచిన దారది. అది జంటనే."

గొడుగు అక్కడే పడేసి వెళ్లిపోయాడు.

రోహిణి కార్తె, రెండో రోజు

ఇందుమతి మేడం పటం మొత్తం చూశారు. ఆవిడ దగ్గర ఒక మంచి గుణం, వినేటప్పుడు మధ్యలో మాట్లాడరు.

"మిగతా అడుగులు వానకు కొట్టుకపోయినయని పెద్దలు రాసి పెట్టిండ్రు కదా," అన్నారు చివరికి.

"కొట్టుకపోతె అన్ని రకాలూ పోవాలె మేడం. ఒకదానికి ఎడమవి, ఇంకోదానికి కుడివి, ఏరి ఏరి పోతయా?"

ఆవిడ పెదవి కదిలింది, నవ్వు ఆపుకున్నారేమో. "నాకైతే నిజమే అనిపిస్తుంది సువార్తా. కానీ పాత ఫొటోలకు నువ్వొక అర్థం చెప్తవు, ఇంకొకరు ఇంకో అర్థం చెప్తరు. ఊరంతా నమ్మిన దాన్ని మార్చాలంటే బండ మీద కొత్త ఆధారం చూపెట్టాలె. చూసినోళ్లు ఎవరూ కాదనలేనిది."

"చూపెడ్త."

"ఎక్కడ?"

అది మాత్రం నాకింకా తెలియదు. మృగశిర దగ్గర పడుతోంది. రోహిణి ఎండకి తెల్లకప్పు కిందే అల్లాడుతున్నాం. ఎండవాడ గురించి ఆలోచించకూడదని రోజుకి పదిసార్లు అనుకుంటున్నాను.

రోహిణి, ఐదో రోజు

రోజూ పొద్దున వాలెక్కి జాడ దగ్గరికి వెళ్తున్నాను. పైకి వెళ్లేకొద్దీ నా కాలు బరువెక్కుతుంది, అడుగు కురచవుతుంది. దారి చివర అరుగు దగ్గరికి వచ్చేసరికి ఇక నా వల్ల కాదు, కూలబడతాను. ఇవాళ అలా కూలబడి, నీళ్లు తాగి, వాలు కిందికి చూశాను.

దానికీ ఇదే వాలు కాదూ? అప్పట్లో ఏటి ఒడ్డు అయి ఉంటుంది. దానికీ ఇదే కాలు.

పరుగున ఆఫీసుకి వచ్చాను. పరుగు అంటే నా పరుగు. పటంలో అడుగుల మధ్య దూరం కొలిచాను. కింద పొడుగు, మధ్యలో కాస్త తక్కువ, పైన పలక అంచు దగ్గర బాగా కురచ. ఈడుపు గీత కూడా పైకి పోయేకొద్దీ పొడుగైంది. అది అలసిపోతోంది. అంచు దాటాక బండ ఎర్రమట్టి కిందికి పోతుంది, అక్కడ ఎవరూ తవ్వలేదు. ఎందుకు తవ్వలేదంటే అక్కడే అరుగు కట్టారు కాబట్టి.

అది అక్కడ కూర్చుని ఉంటుంది. కూర్చుంటే రెండు కాళ్లూ పక్కపక్కన పడతాయి, నడుమ ఒకే పిర్ర గుర్తు పడుతుంది. రెండు జంతువులు ఒక పిర్ర మీద కూర్చోలేవు కదా.

మేడంకి చెప్పాను. ఆవిడ పటం అంచున అరుగు ఉన్న చోట వేలు పెట్టారు. "అరుగు తీయాలంటే నా సంతకం చాలదు. సున్నం మెత్తే మనిషి ఒప్పుకోవాలె, అది ఇక్కడి పద్ధతి. తీసినంక కింద ఏం లేకపోతే నీతో పాటు నేనూ ఎండవాడకే."

రోహిణి, ఏడో రోజు

కాక నాతో మాట్లాడటం మానేసి వారమైంది. ఇవాళ ఆయన మూట పట్టుకుని ఏరు దాటుతుంటే వెంట పడ్డాను. వద్దనలేదు, రమ్మనలేదు.

ఎండవాడలో రేకుల కింద కూడా మనుషులు తడిగుడ్డలు కప్పుకుని కూర్చున్నారు. ఎక్కువమంది ఒక కాలు ఈడ్చేవాళ్లు, కర్ర పట్టేవాళ్లు, నడుము వంగినవాళ్లు. లసుమక్క గుమ్మంలోనే ఉంది. మనిషి సగమైంది, నోరు మాత్రం తగ్గలేదు.

"గీ పిల్ల ఎవలు? మళ్లొక దాన్ని తెచ్చుకున్నవా ఏంది?"

"నీ అసొంటిదే," అన్నాడు కాక. వారం తర్వాత విన్న మొదటి మాట అది.

నేను అంతా చెప్పాను. కుడికాళ్లు, ఎడమకాళ్లు, ఓదేలు పరీక్ష, అరుగు. చెబుతూ చెబుతూ కాక వైపు చూడలేకపోయాను. "అక్కా, గడప నిన్ను ఇద్దరన్నది కూడా ఆ పరీక్ష వల్లనే. బండ మీది జాడను అది ఇద్దరు అన్నన్ని రోజులు, మనం కూడా ఇద్దరమే," అన్నాను.

లసుమక్క నాకు మజ్జిగ తేవడానికి లేచి కుండ దాకా నడిచి వచ్చింది. గుడిసె ముందు మెత్తటి దుమ్ములో ఆమె అడుగులు పడ్డాయి. ఒకటి లోతు, ఒకటి తేలిక. తేలికదాని వెనక ఈడ్చిన గీత. కాక ఆ దుమ్ము వైపే చూస్తూ ఉండిపోయాడు. నాలుగేళ్లుగా రోజూ బండల మీద గొడుగు పట్టే మనిషి, నాలుగేళ్లుగా ఈ వాకిట్లోకి వచ్చే మనిషి.

"అరుగు తీస్తే నీ కాలు పోతది లసుమీ," అన్నాడు మెల్లగా. "మన పెళ్లినాటి కాలు. నువ్వు మంచిగున్నప్పటిది. నాకు గదొక్కటే మిగిలింది."

"నేనీడ కూసున్న," అంది లసుమక్క. "నన్నిడిసిపెట్టి, సున్నంల ఉన్న నా కాలును గావలి గాస్తవా?"

తిరిగి వచ్చేటప్పుడు కాక ఏటి మధ్యలో ఆగాడు. "తీసే ముందుగాల దాని కాలు నీ పటంల తీస్తవా?" అని అడిగాడు.

రోహిణి, తొమ్మిదో రోజు

అరుగు మీద ఎన్నో పెళ్లిళ్ల సున్నం పొరలు. మామూలు కంటికి పైది తప్ప ఏమీ కనబడదు. కానీ కింది పొరలో పల్లం ఉంటే పై పొర కూడా కొద్దిగా కుంగుతుంది. బండలోనూ ఇంతే. పైన తొక్కిన బరువు కింది పొరల్లోకి దిగుతుంది. పొద్దున్నే కాక గొడుగు పట్టాడు, నేను అంగుళం అంగుళం ఫొటోలు తీశాను. పై పొరల ఎత్తుపల్లాలు పటంలోంచి ఒక్కొక్కటీ తీసేస్తూ కిందికి దిగాను.

కాక పాదం సులువుగా దొరికింది. అలాంటి చేట పాదం నీడపట్నంలో ఇంకొకటి లేదు. దాని పక్కనే చిన్న పాదం, లేత నీలంలో. ఐదు వేళ్లూ విప్పి, నిండుగా మోపిన పాదం.

కాక తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క వేలూ తడిమాడు. తర్వాత కండువాతో ముఖం తుడుచుకుని గడ్డపార అందుకున్నాడు. మొదటి దెబ్బ నన్ను వెయ్యనివ్వలేదు.

ఊళ్లో కొందరు వచ్చి తిట్టారు. కొత్తగా పెళ్లయిన ఒక అమ్మాయి ఏడ్చింది. ఆమె పాదాలూ భర్త పాదాలూ కూడా పటంలో భద్రంగా ఉన్నాయని చెప్పాను. అది నిజమే గానీ ఏడుపు ఆగలేదు.

రోహిణి, పన్నెండో రోజు

అరుగు రాళ్లు తీశాక ఎర్రమట్టి. వెదురు పుల్లలు, కుంచెలు. ఓదేలు కూడా సెలవు పెట్టి వచ్చి మట్టి మోశాడు. నిన్నంతా తవ్వితే బండ తేలింది గానీ ఏమీ లేదు. ఇవాళ పొద్దున లోతైన కుడి పాదం ఒకటి దొరికింది. ఆనందం గంట కూడా నిలవలేదు. ఎడమ పాదం ఉండవలసిన చోట, ఒక అడుగు ముందు, నున్నటి బండ. ఇంకా ముందుకి తీశాం. అక్కడా లేదు.

చుట్టూ చేరిన జనం గుసగుసలాడటం మొదలుపెట్టారు. ఇందుమతి మేడం గట్టు మీద గొడుగు కింద నిలబడ్డారు. అక్కడి నుంచి కదల్లేదు. ఎడమకాలి పుండు మళ్లీ సలపసాగింది. ఇక నిలబడలేక ఆ బండ మీదే, ఆ కుడి పాదం పక్కనే కూలబడ్డాను.

కూలబడ్డాక నా కాళ్లు చూసుకున్నాను. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

"ముందుకు గాదు కాకా! ముందుకు గాదు, పక్కకు! పక్కకు తియ్యాలె!"

పక్కకి తీశాం. మొదట ఒక వేలు, తర్వాత రెండోది. మూడోది లేదు. దాని వెనక బండకి ఆనించిన పొడుగాటి మడమ గీత, కుడి పాదం వెనక అలాంటిదే ఇంకొకటి. రెండింటి నడుమ, వెనకగా, చేట వెడల్పున గుండ్రటి పల్లం. ఒక్కటే.

అక్కడే కూర్చుని ఫొటోలు తీసి, అక్కడే పటం కట్టాను. తెర మీద నీలం తేలింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఏడ్చిన ఆ అమ్మాయే ముందు అంది. "కూసున్నది," అని. పక్కనున్న వాళ్లు కూడా అదే అన్నారు. కూసున్నది, కూసున్నది అని వెనక వరసలదాకా పోయింది మాట.

మేడం గొడుగు పక్కన పెట్టి ఎండలోకి దిగి వచ్చారు. మోకాళ్ల మీద వంగి ఆ రెండు వేళ్ల పాదంలో చెయ్యి పెట్టి చూశారు.

"ఒక్కటే," అన్నారు.

సాయంత్రందాకా ఆపకుండా ముందుకి తీశాం. కూర్చున్న చోటు నుంచి మళ్లీ అడుగులున్నాయి. లోతు, తేలిక, లోతు, తేలిక. ముందటికంటే పొడుగు అడుగులు. అది అలసి కూర్చుంది, లేచింది, వెళ్లింది. ఎంత దూరం పోయిందో తవ్వితే గానీ తెలియదు. తవ్వుతాను.

రోహిణి, పదమూడో రోజు

ఓదేలు పరీక్షలో జవాబు మార్చాడు. జంట జాడ అని ఉన్నచోట ఇద్దరు తీసి ఒకటి పెట్టాడు. వేలు మీట మీద పెట్టి, నొక్కకుండా నా వైపు చూశాడు.

"పట్నం మొత్తం గడపలకు పోతది చెల్లె."

"పోనియ్యన్నా."

కొత్త పద్ధతి ఇది. ఒక కాలు పాతదే అయితే మనిషి పాతమనిషే. రెండో కాలి నడకని గడపే మెల్లగా నేర్చుకోవాలి. ఇన్నాళ్లూ మేం దానికి తగ్గట్టు నడిచాం.

చెప్పులు విప్పాను. నా నడకే నడిచాను, బాగా ఈడ్చి మరీ నడిచాను. గడప ఆలోచించింది.

"దుర్గం సువార్త. ఒక్కరు."

అవునే తల్లీ, ఒక్కదాన్నే. ముందు నుంచీ ఒక్కదాన్నే.

మృగశిర కార్తె, మొదటి రోజు

పని: సెలవు. గడపల లెక్క.

పెద్దగడప ముందు తెల్లవారేసరికే వరస కట్టారు. ఎండవాడ సగం ఏరు దాటి వచ్చింది. కర్రలవాళ్లు, నడుము వంగినవాళ్లు, బిడ్డ భుజం పట్టుకున్న ముసలాయన. గడప ఒక్కొక్కరి పేరూ పలుకుతుంటే లోపలివాళ్లు ఊరికే నిలబడి వింటున్నారు. కొన్ని పేర్లు విని ఏళ్లైంది. ఇద్దరిని మాత్రం ఎరగలేదు, వాళ్ల రెండు కాళ్లూ మారిపోయాయి. ఓదేలు వాళ్లని పక్కన నీడలో కూర్చోబెట్టాడు. వాళ్ల సంగతి తేలేదాకా తానూ ఇంటికి పోనన్నాడు. నేనూ పోనన్నాను.

లసుమక్క అందరికంటే వెనక వచ్చింది, కాక చెయ్యి పట్టుకుని. నేను అచ్చు తీసి పెట్టిన ఆమె పెళ్లినాటి పాదం చూపించాను. కాగితం దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"గింత సక్కగుండెనా నా కాలు? గప్పుడొక్కసారన్న జెప్పలేదు గీ మనిషి."

నవ్వింది గానీ గడప దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. చెప్పులు విప్పి, అంచున నిలబడి, కదలలేదు.

"మళ్ల తెల్వదంటె?" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"నేనూ వస్త పా," అన్నాడు కాక, చెయ్యి వదలకుండా.

ఓదేలు అడ్డం వచ్చాడు. "ఒక్కొక్కలే రావాలె కాకా. ఇద్దరు గలిసి తొక్కితె అది ఆగమైతది."

"కానియ్ ఓదేలూ," అన్నాడు రాజలింగు కాక. "జంట అంటె ఎట్లుంటదో ఒక్కపారి దానికి సూపెట్టనియ్."

ఇద్దరూ కలిసి నడిచారు. ఆమె లోతు కాలు, తేలిక కాలు, పక్కన కాక చేట పాదాలు. ఆమె ఆగినచోట ఆయన ఆగాడు. పలక అవతలికి చేరి ఇద్దరూ నిలబడ్డారు. గడప చాలాసేపు ఆలోచించింది. కప్పు మీద మొదటి చినుకుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

"గోమాస రాజలింగు. గోమాస లసుమక్క," అంది గడప. "ఇద్దరు."